పెట్టె మీది తెల్ల చీటీ: ఒక మదర్‌బోర్డు, అరవై ఏళ్ల విధానాలు

లక్ష రూపాయలు దాటిన గేమింగ్ మదర్‌బోర్డును కొన్నవారు పెట్టె ముందువైపు చూసి మురిసిపోతారు. నల్లటి అట్ట, వెలుతురు పడితే మెరిసే అక్షరాలు, కింద ప్రాసెసర్ కంపెనీల ముద్రలు. పెట్టెను వెనక్కి తిప్పితే ఒక మూల తెల్లటి చీటీ కనిపిస్తుంది. మిగతా ముద్రణతో దానికి పొంతన ఉండదు. తరచూ కాస్త వంకరగానే అంటించి ఉంటుంది. దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి చేసుకున్న నెల, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు ఫోన్ నంబరు, వాటి మధ్య తయారైన దేశం పేరు. ప్యాకేజీ వస్తువుల తూనికలు కొలతల నిబంధనలు అడుగుతాయి కాబట్టి ఆ చీటీ అక్కడ ఉంది. తయారైన దేశం అన్నచోట చైనా అనో తైవాన్ అనో రాసి ఉంటుంది. పెట్టెను విప్పి వీడియోలు తీసేవారు ఈ చీటీని చూపించరు. భారతదేశపు పారిశ్రామిక విధాన చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం మాత్రం ఆ రెండంగుళాల కాగితంలోనే ఇమిడి ఉంది.

లోపల ఉన్నవి అందరికీ తెలిసినవే. స్థిరవిద్యుత్తు తగలకుండా వెండిరంగు సంచి, డిస్కులకు తీగలు, వైఫై యాంటెన్నా, చిన్న మరలు, గోడకో లాప్‌టాప్‌కో అంటించుకోవడానికి స్టిక్కర్లు. వీటన్నిటి కింద అసలు బోర్డు. గాజునార, రెసిన్, రాగిరేకులను ఎనిమిదో పదో పొరలుగా అదిమి చేసిన పలక అది. దాని మీద ప్రాసెసర్ కూర్చునే పీఠం ఉంటుంది. ఇప్పటి పీఠాల్లో ఒక రకానికి 1,700 సూదిమొనలు, మరో రకానికి 1,718. చుట్టూ విద్యుత్తును నియంత్రించే వరుసలు. బయటినుంచి వచ్చే 12 వోల్టులను అవి దాదాపు ఒక వోల్టుకు దించి, వందల ఆంపియర్ల ప్రవాహాన్ని క్షణం తడబడకుండా ప్రాసెసర్‌కు అందించాలి. ఖరీదైన బోర్డుకూ చౌక బోర్డుకూ తేడా చాలావరకు ఇక్కడే. రంగుల దీపాలు తర్వాతి సంగతి.

చిప్పుల మీద చెక్కిన పేర్లు చదివితే భూగోళ పాఠమే అవుతుంది. ధ్వని చిప్పు మీద సాధారణంగా రియల్‌టెక్ అని ఉంటుంది. ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ల వేగం చూసుకునే చిన్న చిప్పు నువోటన్‌దో ఐటీఈదో, బయోస్ దాచిన చిప్పు విన్‌బాండ్‌దో మాక్రానిక్స్‌దో అయి ఉంటుంది. ఇవన్నీ తైవాన్ కంపెనీలు. అమెరికా సంస్థ ఏఎండీ పేరుతో వచ్చే ఎక్స్670 చిప్‌సెట్‌ను రూపొందించింది ఏఎస్‌మీడియా. అది తైవాన్ మదర్‌బోర్డు సంస్థ ఆసుస్ కుటుంబంలోనిదే. అమెరికా ప్రాసెసర్, జపాన్ కెపాసిటర్లు, తైవాన్ రూపకల్పన, చైనా కార్మికుల చేతులు. ఈ జాబితాలో భారతదేశానికి కొనుగోలుదారు స్థానం దక్కింది. బోర్డు లోతుల్లో మరొక చోటు కూడా ఉంది కానీ అది పైకి కనిపించదు.

కంప్యూటర్ల విషయంలో భారతదేశం ఆలస్యంగా మేలుకుందన్న మాట తరచూ వినిపిస్తుంది. చరిత్ర అలా చెప్పదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ సొంతంగా నిర్మించిన టిఫ్రాక్ కంప్యూటర్ 1960లోనే పనిచేయడం మొదలుపెట్టింది. 1962లో చైనాతో యుద్ధం ఢిల్లీకి ఎలక్ట్రానిక్స్ విలువను చేదుగా తెలియజెప్పింది. మరుసటి సంవత్సరమే హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ ఏర్పడింది. 1966 జనవరిలో ఆల్ప్స్ పర్వతాల్లో విమానం కూలి భాభా మరణించారు. కమిటీ నివేదిక వచ్చిందీ ఆ ఏడే. ఈ రంగంలో దేశం తన కాళ్లపై తాను నిలబడాలన్నది దాని సారాంశం.

ఆ సంకల్పం నుంచి పుట్టినదే 1967లో హైదరాబాద్‌లో వెలసిన ఈసీఐఎల్. అణుశక్తి శాఖ కింద దాన్ని నిలబెట్టినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు. ఈనాడు ఏఎస్ రావు నగర్ అంటే బస్సు దిగే చోటుగానే చాలామందికి తెలుసు. అణు రియాక్టర్లకు కావలసిన నియంత్రణ పరికరాలు చేసిన ఇంజినీర్లే టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేశారు. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. సర్క్యూట్ బోర్డులు గీయడం, చెక్కడం, భాగాలను సోల్డరింగ్ చేయడం కుషాయిగూడ ప్రాంతంలో అప్పటికే జరిగేవన్నమాట. తైవాన్‌లో ఆసుస్ పుట్టడానికి ఇంకా ఇరవై ఏళ్లుంది.

అయితే ఆనాటి ఢిల్లీ దృష్టిలో కంప్యూటర్ అంటే ప్రభుత్వం తయారుచేసి, ప్రభుత్వమే కొని, ప్రభుత్వ సంస్థల్లోనే నడిచే యంత్రం. 1970లో ఎలక్ట్రానిక్స్ శాఖ, 1971లో ఎం.జి.కె. మీనన్ నేతృత్వంలో ఎలక్ట్రానిక్స్ కమిషన్ ఏర్పడ్డాయి. ఎవరికి లైసెన్సు ఇవ్వాలి, ఎవరు ఏ యంత్రం దిగుమతి చేసుకోవచ్చు అన్న ప్రశ్నలతో ఆ కార్యాలయాల కాలం ఎక్కువగా గడిచిపోయింది. బోర్డులను వేల సంఖ్యలో చౌకగా చేయడం అనే మోటు పని మీద పెద్దగా ఎవరికీ ఆసక్తి లేకపోయింది. యంత్రం పూర్తి రూపం జాతీయ ప్రతిష్ఠ అయింది. దాని లోపలి పలక దుకాణాల వ్యవహారంగా మిగిలింది.

మరోవైపు కంప్యూటర్ అంటేనే కార్మికవర్గానికి భయం. కలకత్తాలోని ఇలాకో హౌస్‌లో ఎల్‌ఐసీ కంప్యూటర్‌ను అడుగు పెట్టనివ్వకుండా 1960ల మధ్యలో ఉద్యోగులు కాపలా కాశారు. ఆ భయాన్ని ఈనాడు ఎగతాళి చేయడం సులభమే. ఉద్యోగాలు తప్ప మరే ఆస్తీ లేని గుమాస్తా కుటుంబాలకు అది జీవన్మరణ సమస్య. కానీ రాజకీయ పక్షాల చర్చంతా యంత్రం రావాలా వద్దా అన్నచోటే ఆగిపోయింది. దాన్ని ఎవరు, ఏ ఊళ్లో, ఎంతమంది చేతులతో తయారుచేస్తారన్న ప్రశ్నను కార్మిక సంఘాలూ వేయలేదు, పాలకులూ వేయలేదు.

తర్వాతి ఘట్టం ప్రసిద్ధం. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం విదేశీ వాటాను 40 శాతానికి పరిమితం చేసింది. ఐబీఎం ఒప్పుకోలేదు. పాతబడిన 1401 యంత్రాలను ఇక్కడ బాగుచేసి అద్దెకిచ్చే వ్యాపారం ఆ సంస్థది. జనతా ప్రభుత్వంలో పరిశ్రమల మంత్రిగా జార్జి ఫెర్నాండెజ్ పట్టు సడలించలేదు. 1978లో ఐబీఎం దేశం విడిచింది. అది ఆత్మగౌరవ విజయమా, ఆత్మహత్యాసదృశమా అన్న వాదం నలభై ఏళ్లు దాటినా తెగలేదు. నిజానికి రెండు పక్షాలూ ఎవరు అమ్మాలన్నదాని చుట్టూనే తిరిగాయి. ఐబీఎం వదిలిన యంత్రాల నిర్వహణను ప్రభుత్వ రంగ సీఎంసీ సమర్థంగా చూసుకుంది. హెచ్‌సీఎల్ వంటి దేశీయ సంస్థలు మైక్రోకంప్యూటర్లతో ముందుకు వచ్చాయి. ఫెర్నాండెజ్ నిర్ణయం దేశాన్ని ముంచలేదు. ఖాళీ అయిన స్థలంలో బోర్డులు చేసే వందల చిన్న కర్మాగారాలు పుట్టడానికి కావలసిన మరో నిర్ణయం మాత్రం ఎవరూ తీసుకోలేదు.

అదే కాలంలో తైవాన్‌లో జరిగినదాన్ని పక్కన పెట్టి చూస్తేనే ఈ లోటు ఎంతటిదో తెలుస్తుంది. అక్కడ 1973లో ప్రభుత్వం పారిశ్రామిక సాంకేతిక పరిశోధనా సంస్థను నెలకొల్పింది. 1976లో అమెరికా సంస్థ ఆర్‌సీఏ నుంచి చిప్పుల సాంకేతికతను కొని, యువ ఇంజినీర్లను శిక్షణకు పంపింది. అప్పటికి ఆ సాంకేతికత సరికొత్తదేమీ కాదు. నేర్చుకోవడానికి అది చాలని అక్కడివారు భావించారు. 1980లో షిన్‌చూ విజ్ఞాన పార్కు మొదలైంది. అక్కడ ఉన్నది ఆదర్శ ప్రజాస్వామ్యమేమీ కాదు. 1949 నుంచి 1987 వరకు సైనిక శాసనం నడిచిన గడ్డ అది. స్వతంత్ర కార్మిక సంఘాలకు చోటు లేదు, వెనుక అమెరికా అండ ఉంది. తైవాన్ నమూనాను పొగిడే మన వ్యాసకర్తలు ఈ వాక్యాలను సాధారణంగా వదిలేస్తారు.

ఇక ఆటల సంగతి. తైవాన్‌లో వీధి వీధికీ వెలసిన వీడియో గేమ్ యంత్రాల వెనుక చిన్న చిన్న బోర్డు తయారీదారులు ఉండేవారు. పిల్లలు చెడిపోతున్నారన్న ఆందోళనతో 1982లో ప్రభుత్వం ఆ యంత్రాలను నిషేధించింది. రాత్రికి రాత్రి గిరాకీ పోయిన చిన్న కర్మాగారాలు అవే పనిముట్లతో, అదే నైపుణ్యంతో ఆపిల్ కంప్యూటర్లకు నకళ్లు చేయడం మొదలుపెట్టాయి. ఆపిల్ దావాలు, అమెరికా కస్టమ్స్ జప్తులు ఎదురయ్యాక ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ వైపు మళ్లాయి. 1981లో వచ్చిన ఆ యంత్రాన్ని ఐబీఎం బయట దొరికే విడిభాగాలతోనే కట్టింది. దాని నిర్మాణం ఎవరైనా చదువుకోగలిగేంత బహిరంగం. భారతదేశం నుంచి మూడేళ్ల క్రితం వెళ్లిపోయిన కంపెనీయే తైవాన్ చిన్న కర్మాగారాలకు తెలియకుండానే తలుపు తెరిచింది. ఈనాడు అత్యంత ఖరీదైన గేమింగ్ బోర్డులన్నీ తైవాన్ పేర్లతో రావడం వెనుక ఆటల నిషేధం పాత్ర కూడా కొంత ఉండటం చరిత్ర చేసిన చమత్కారం.

1986లో గిగాబైట్, ఎంఎస్‌ఐ పుట్టాయి. 1989లో ఏసర్ నుంచి బయటికి వచ్చిన నలుగురు ఇంజినీర్లు ఆసుస్‌ను ప్రారంభించారు. మధ్యలో 1987లో మోరిస్ చాంగ్ నాయకత్వంలో టీఎస్‌ఎంసీ వచ్చింది. గమనించవలసింది క్రమం. గొప్ప చిప్పుల కర్మాగారం వచ్చేనాటికే దాని చిప్పులను కొని పలకల మీద బిగించే వందల సంస్థలు చుట్టూ సిద్ధంగా ఉన్నాయి. పంజాబ్‌లోని మొహాలీలో సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1984లోనే ఉత్పత్తి మొదలుపెట్టింది, అంటే టీఎస్‌ఎంసీ కంటే మూడేళ్ల ముందు. 1989 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం దాన్ని దెబ్బతీసింది. ఆ మంటల కథనే మన వార్తాపత్రికలు పదేపదే రాస్తాయి. ఆ కర్మాగారం కాలిపోకముందు దాని చిప్పులను పెద్ద సంఖ్యలో వాడుకునే బోర్డు పరిశ్రమ దేశంలో ఎక్కడ ఉందని అడిగినవారు తక్కువ.

1984 నవంబరులో, ప్రధానిగా ప్రమాణం చేసిన కొద్ది వారాలకే, రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించింది. లైసెన్సుల బిగింపు సడలింది, విడిభాగాల దిగుమతి సుంకాలు తగ్గాయి. ధరలు పడిపోయాయి, కంప్యూటర్ మధ్యతరగతి కార్యాలయాల గడప తొక్కింది. ఇందులో మేలు లేదని ఎవరూ అనలేరు. కానీ తైపే నుంచి వచ్చిన బోర్డును డబ్బాలో బిగించి దేశీయ కంపెనీ పేరు అంటించడం అంతకన్నా సులభమైన వ్యాపారమైంది. ఆ రోజుల్లో దీన్ని స్క్రూడ్రైవర్ సాంకేతికత అని వెక్కిరించేవారు. ఢిల్లీ నెహ్రూ ప్లేస్, ముంబయి లామింగ్టన్ రోడ్డు, బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ ఆ వ్యాపారంపైనే ఎదిగాయి. తైపేలోని గ్వాంగ్‌హువా బజారు కూడా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది. అవే ఇరుకు కొట్లు, అవే బేరాలు. దాని వెనుక కర్మాగారాలున్నాయి. వీటి వెనుక గోదాములున్నాయి.

సీటీసీలో సర్వీసు కుర్రవాళ్లు మాడిన కెపాసిటర్ మార్చి చచ్చిన బోర్డును బతికించగలరు. పాఠ్యపుస్తకం చూడకుండానే విద్యుత్ వరుస ఎక్కడ తెగిందో చెప్పగలరు. ఈ నైపుణ్యం ఏ ప్రణాళికా పత్రంలోనూ లెక్కకు రాలేదు. తైవాన్‌లో ఇటువంటి చేతులకే అప్పు దొరికింది, పార్కులో చోటు దొరికింది. ఇక్కడ దొరికింది వారంటీ లేని పనికి వందో రెండు వందలో కూలి.

1997లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరింది. కంప్యూటర్లు, వాటి విడిభాగాలపై సుంకాన్ని 2005 నాటికి సున్నాకు తీసుకురావాలి. సాఫ్ట్‌వేర్ ఎగుమతుల ఉత్సాహంలో ఉన్న ఆనాటి ఢిల్లీకి అది పెద్ద త్యాగంగా తోచలేదు. మదర్‌బోర్డు కస్టమ్స్ పట్టికలో 8473 శీర్షిక కింద వస్తుంది, ప్రాథమిక సుంకం లేదు. తయారీకి కావలసిన ముడిసరుకుల్లో ఒప్పందం పరిధిలోకి రానివాటిపై మాత్రం సుంకం ఉంది. పూర్తయిన వస్తువు సుంకం లేకుండా వస్తుంటే, దాన్ని ఇక్కడ చేసేవాడు ముడిసరుకుపై పన్ను కట్టాలి. ఇంతటి ఎదురుగాలిలోనూ గోవాలోని వెర్నాలో స్మార్ట్‌లింక్ సంస్థ డిజిలైట్ పేరుతో మదర్‌బోర్డులు చేసి అమ్మింది. ఆ పేరు ఈనాడు గుర్తున్నవారు చాలా తక్కువ.

ఒప్పందం నుంచి నేర్చుకున్న పాఠం ఢిల్లీకి లేకపోలేదు. 2015లో దాని రెండో విస్తరణలో చేరడానికి నిరాకరించింది. 2018 ఏప్రిల్‌లో మొబైల్ ఫోన్ల బోర్డులపై 10 శాతం సుంకం వేసింది. ఆ తర్వాత ఫోన్ బోర్డులపై భాగాలను బిగించే యంత్రాల వరుసలు దేశంలో విరివిగా వచ్చాయి. 2015 నుంచే ఫోన్లు తయారవుతున్న శ్రీసిటీ వంటి చోట్లకు ఇది కలిసివచ్చింది. సుంకం పనిచేసింది. అయితే 2023 ఏప్రిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ వివాద మండలి ఈ సుంకాలు ఒప్పంద విరుద్ధమని తేల్చింది. ఫిర్యాదు చేసినవి ఐరోపా సమాఖ్య, జపాన్, తైవాన్.

అదే ఏడాది ఆగస్టు 3న మరో సంచలనం. లాప్‌టాప్‌లు, టాబ్లెట్లు, సర్వర్లు, చిన్న కంప్యూటర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నోటిఫికేషన్ ఇచ్చింది. గగ్గోలు రేగడంతో మర్నాడే గడువు అక్టోబరు చివరికి జరిగింది. నవంబరు నుంచి అనుమతి అనబడే నమోదు పద్ధతిగా మెత్తబడింది. లైసెన్సు రాజ్యం తిరిగొచ్చిందని ఒక పక్షం, చైనాపై దెబ్బ అని మరో పక్షం టీవీల్లో వాదించుకున్నాయి. ఆ నోటిఫికేషన్ ప్రస్తావించినది 8471 శీర్షికను. 8473 జోలికి వెళ్లలేదు. పూర్తి యంత్రానికి కాపలా, లోపలి పలకకు ద్వారం బార్లా. 1970ల ఎలక్ట్రానిక్స్ కమిషన్ చూపు యాభై ఏళ్ల తర్వాతా మారలేదనడానికి ఇంతకన్నా దాఖలా అక్కర్లేదు. 2023 మేలో 17,000 కోట్ల రూపాయలతో ప్రకటించిన రెండో విడత ఐటీ హార్డ్‌వేర్ ప్రోత్సాహక పథకం మొగ్గు కూడా పూర్తి యంత్రాల వైపే. డబ్బాల్లో బిగించి పేటీలో అమర్చే మధ్యతరగతి గేమర్ మార్కెట్టు, చిన్న కొట్లవారి మార్కెట్టు దాని లెక్కలోకి పెద్దగా రాలేదు.

దేశభద్రత కోణం ఇక్కడ అడ్డం తిరుగుతుంది. సరిహద్దు దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేస్తూ 2020 ఏప్రిల్‌లో నిబంధన వచ్చింది. జూన్‌లో గల్వాన్ తర్వాత అది మరింత బిగిసింది. దేశంలో తయారుచేయాలంటే చైనాలో ఉన్న విడిభాగాల సంస్థలు, యంత్రాలు, సాంకేతిక నిపుణులు కావాలి. అవి రావడానికి అనుమతి కావాలి. తయారైన బోర్డు మాత్రం సుంకం లేకుండా, ఏ అనుమతీ లేకుండా ఓడలో వస్తుంది. చైనా పెట్టుబడిని ఆపి చైనా సరుకును రానివ్వడం జాతీయవాదానికి ఏ రకంగా బలమో దాన్ని సమర్థించేవారే చెప్పాలి. తైవాన్‌తో దౌత్య సంబంధాలు లేకపోయినా 1995 నుంచి ఇండియా తైపే అసోసియేషన్ పనిచేస్తోంది. ఆ గుమ్మం ద్వారా రావలసినవి పెద్ద చిప్పుల కర్మాగారాలే కానక్కర్లేదు.

2021 డిసెంబరులో సెమీకండక్టర్లకు 76,000 కోట్ల పథకం వచ్చింది. సాణంద్, ధొలేరా, అస్సాంలోని జాగీరోడ్ పేర్లు పతాక శీర్షికలయ్యాయి. బోర్డు వంతు 2025 మార్చి 28న వచ్చింది. ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీ పథకానికి కేంద్ర మంత్రివర్గం 22,919 కోట్లు ఆమోదించింది. బహుళపొరల సర్క్యూట్ బోర్డులు అందులో ఉన్నాయి. అక్టోబరులో ఆమోదం పొందిన తొలి ఏడు ప్రాజెక్టుల్లో అయిదు తమిళనాడుకు, ఒకటి మధ్యప్రదేశ్‌కు, ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు దక్కాయి. చిప్పులకు ముందు ప్రకటన, బోర్డులకు మూడేళ్లు దాటాక. తైవాన్ నడిచిన క్రమానికి ఇది తలకిందులు. ఈసీఐఎల్ పుట్టిన హైదరాబాద్‌కు ఆ తొలి జాబితాలో చోటు లేదు.

బోర్డు లోతుల్లో భారతీయులకు మరో చోటు ఉందని పైన అనుకున్నది ఇదీ. పెట్టె విప్పి, ప్రాసెసర్ బిగించి, మొదటిసారి మీట నొక్కగానే తయారీ సంస్థ బొమ్మ తెరపై వస్తుంది. ఆ బొమ్మ వెనుక యంత్రాన్ని మేల్కొలిపే బయోస్ ఉంటుంది. ఆసుస్, గిగాబైట్, ఎంఎస్‌ఐ బోర్డుల్లో అది సాధారణంగా అమెరికన్ మెగాట్రెండ్స్ సంస్థది. 1985లో అమెరికాలోని జార్జియాలో సుబ్రమణియన్ శంకర్, పాట్ శర్మ దాన్ని స్థాపించారు. దానికి చెన్నైలో పెద్ద అభివృద్ధి కేంద్రం ఉంది. ప్రాసెసర్లు రూపొందించే ఇంటెల్, ఏఎండీలకు బెంగళూరు, హైదరాబాద్‌లలో వేలమంది ఇంజినీర్లున్నారు. మెగాట్రెండ్స్ మొదట చేసిన వ్యాపారం సాఫ్ట్‌వేర్ కాదు. పూర్తి మదర్‌బోర్డులు, అవీ ఖరీదైన తరగతివి. తర్వాతి కాలంలో డెల్‌గా మారిన పీసీస్ లిమిటెడ్ దాని తొలి కొనుగోలుదారు. బోర్డుల తయారీ తైవాన్‌కు తరలిపోయాక ఆ సంస్థకు బయోస్ మిగిలింది. పెట్టె వెనుక చీటీలో ఆ పేరుకు గడి లేదు.